చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రెండు రోజులు

ఒక పెళ్ళికి రెండు జాతకాలు కలిస్తే చాలు. విడిభాగాలు కొని కంప్యూటరు కట్టించాలంటే ఎనిమిది జాతకాలు కలవాలి. ఈ సత్యం నాకు 2024 జూన్ నెలలో, సికింద్రాబాదు పార్క్ లేన్‌లో, కాళ్ళు లాగేటట్లు తిరిగిన తరువాతగాని బోధపడలేదు.

సంగతి ఏమిటంటే, మా అబ్బాయి ఇంటర్ బాగా పాసయితే కొత్త కంప్యూటరు కొనిపెడతానని ఆ ఏడు ఉగాదినాడు, బొబ్బట్లు తిన్న సంతోషంలో, మాట ఇచ్చాను. వాడు నా మాట నమ్మి చదివాడు. మంచి మార్కులే తెచ్చుకొన్నాడు. ఇక తప్పించుకొనే దారి లేదు. పోస్టాఫీసులో అయిదేళ్ళుగా కడుతున్న రికరింగ్ డిపాజిట్ సమయానికి చేతికి వచ్చింది. అందులోంచి 65,000 రూపాయలు తీసి, “ఇంతే. దీనికి మించి ఒక్క రూపాయి అడగకూడదు” అని మా ఆవిడ ఎదుట వాడికి చెప్పాను. కంప్యూటరు చదువుకోసమని మా ఉద్దేశం. ఆటలకోసమని వాడి ఉద్దేశం. ఆ మాట ఎవరమూ పైకి అనలేదు. మాది మర్యాదగల కుటుంబం.

ఇక్కడ పాత కథ ఒకటి చెప్పక తప్పదు. మా ఇంట్లో మొదటి కంప్యూటరు 2016లో మా ఖమ్మంలోనే కట్టించాను. పెట్టెతో పాటు వచ్చే పవర్ సప్లై వద్దు, 1,500 రూపాయలు ఎక్కువపెట్టి మంచిది తీసుకోండి అని దుకాణదారు చెప్పనే చెప్పాడు. నేను గీచి గీచి బేరమాడి, పెట్టెతో ఊరికే వచ్చేదే చాలన్నాను. 2021 వానాకాలంలో ఒక సాయంత్రం కరెంటు పోయి వచ్చింది. ‘ఠప్’మని చప్పుడు, కాలిన వాసన. పవర్ సప్లై తాను పోతూ బోర్డును, హార్డ్ డిస్కును కూడా వెంట తీసుకుపోయింది. ఆ డిస్కులో మా నాన్నగారి చివరి రెండేళ్ళ ఫోటోలున్నాయి. ఇంకొకచోట నకలు పెట్టుకోవాలన్న జ్ఞానం అప్పటికి మాకు లేదు. ఆ 1,500 సంగతి మా ఇంట్లో ఎవరూ నన్ను దెప్పలేదు. దెప్పి ఉంటే కొంత తేలికగా ఉండేదేమో!

సరే, శాతవాహన ఎక్స్‌ప్రెస్ ఎక్కి నేనూ అబ్బాయీ సికింద్రాబాదు చేరాము. తార్నాకలో మా చెల్లెలింట భోజనం చేసి మెట్రో ఎక్కాము. తార్నాక నుంచి నాలుగో స్టేషను ప్యారడైజ్. పేరు వినగానే బిర్యానీ గుర్తుకు రావడం సహజమే. మావాడికి మాత్రం ఆ పేరుకు వెనకనున్న పార్క్ లేనే గుర్తుకు వచ్చింది.

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరుమీద వెలసిన దండు ఊరు. దండు ఉన్నచోట బజారు ఉంటుంది. అప్పుడు గుర్రాలకు జీనులు, దొరలకు బూట్లు అమ్మిన బజార్లయి ఉంటాయి; ఇప్పుడు ఈ సందులో కంప్యూటరు ప్రేగులు అమ్ముతున్నారు. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, బొంబాయికి లామింగ్టన్ రోడ్డు, చెన్నపట్నానికి రిచీ స్ట్రీట్ ఎలాగో, మన జంటనగరాలకు ఈ చెనాయ్ ట్రేడ్ సెంటర్ అలాగు. కుర్రవాళ్ళు ‘సీటీసీ’ అంటారు.

లోపలికి అడుగు పెట్టానో లేదో, “ఏం కావాలె సార్? లాప్‌టాపా, ప్రింటరా? పైకి రండ్రి, చూపిస్త” అని ఒకరు కుడిచేయి పట్టుకొన్నంత పని చేశారు. ఎడమవైపు ఇంకొకరు హిందీలో అదే ప్రశ్న. సన్నని నడవలు, వాటికి రెండువైపులా బీరువా అంతంత దుకాణాలు. ఒక దుకాణంలో మనిషి కూర్చుంటే సరుకు బయట, సరుకు లోపల ఉంటే మనిషి బయట. నెత్తిమీద అట్టపెట్టెలు మోసేవారు “జరుగుండ్రి, జరుగుండ్రి” అంటూ దూసుకుపోతున్నారు. ఒక మూల టంకం వాసన, ఒక మూల ఇరానీ చాయ్ వాసన. కోఠీలో పుస్తకాల బేరం ఎరిగిన నాకు ఈ చోటు పరాయిగా తోచలేదు.

“ఇవాళ చూడ్డమే నాన్నా, కొనడం రేపు” అన్నాడు అబ్బాయి. పట్టుచీరలు కొనేటప్పుడు వాళ్ళ అమ్మ అనే మాట అది! నా గుండె కొంత కుదుటపడింది.

ఆ పూట పదిహేను దుకాణాలు తిరిగాము. వాడు ఆన్‌లైన్ ధరలు ఫోనులో ముందే రాసి తెచ్చుకొన్నాడు. వాడు అడగడం, దుకాణదారు చెప్పడం, నేను నా చిన్న పుస్తకంలో ఎక్కించడం. ఆ వరసలోనే నాకు కొంత విద్య అబ్బింది. చదువరులకూ పనికి రావచ్చు గనుక చెబుతున్నాను.

ఆటల కంప్యూటరులో పెద్ద ఖర్చు గ్రాఫిక్స్ కార్డు. తెరమీద బొమ్మను గీసేది అది. మొత్తం డబ్బులో మూడోవంతు దానికే పోతుంది. ఏ బొమ్మ గీయాలో లెక్కచేసి చెప్పేది ప్రాసెసరు. ఈ రెండూ కాడికి కట్టిన ఎడ్ల వంటివి. ఒకవైపు ఒంగోలు గిత్తను, రెండోవైపు లేగదూడను కడితే బండి దూడ నడకే నడుస్తుంది. అందుచేత ఒకదానిమీదే డబ్బంతా పోయరాదు. మావాడు ప్రాసెసరుకు రైజెన్ 5 5600 ఎంచాడు. ఆరు కోర్లది. 2022లో వచ్చిన సరుకే అయినా, దాని బోర్డులూ జ్ఞాపకశక్తి పలకలూ అప్పట్లో చవక. కొత్త తరం ప్రాసెసరు తీసుకుంటే బోర్డూ, ర్యామూ కూడా కొత్త తరానివే కావాలి. అవి మా సంచీకి అందవు.

ర్యాము 16 జీబీ ఒకే పలకగా కాక, ఎనిమిదేసివి రెండు తీసుకోవాలట. ఒక తలుపునుంచి కంటె రెండు తలుపులనుంచి జనం త్వరగా వెళ్ళినట్లు, సమాచారం రెండు దారుల్లో వెళుతుంది. బోర్డు విషయంలో ఒక మెలిక ఉన్నది. చాలాకాలం గోదాములో పడి ఉన్న పాత బోర్డయితే దానికి ఈ ప్రాసెసరు ఎవరో తెలియదు. బయాస్ అనే లోపలి ప్రోగ్రామును కొత్తది చేయించుకొని మరీ కొనాలి.

ఒకచోట “పాత కార్డు ఉన్నది సార్, సగం ధరకే ఇస్త” అన్నారు. నేను ఆశపడ్డాను. అబ్బాయి నన్ను పక్కకు లాగాడు. ఈథీరియం అనే డిజిటల్ నాణేన్ని రాత్రింబగళ్ళు కార్డులచేత తవ్వించేవారట. 2022 సెప్టెంబరులో ఆ పద్ధతి ఆగిపోయాక, అలా నలిగిన కార్డులెన్నో పాతసామాను బజారుకు చేరాయట. అన్నీ చెడ్డవని కాదు. కాని ఏది ఎంత నలిగిందో ముఖం చూచి చెప్పలేము. గ్యారంటీ లేని సంబంధం మాకెందుకని వచ్చేశాము.

రాత్రి చెల్లెలింట్లో భోజనాలయ్యాక జాబితా తయారయింది. ప్రాసెసరు 11,600. బోర్డు 6,100. ర్యాము 3,400. 500 జీబీ ఎస్‌ఎస్‌డీ 3,400. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డు 20,400. పవర్ సప్లై 550 వాట్లది 4,200. గాలి బాగా ఆడే పెట్టె 3,300. 24 అంగుళాల మానిటరు 8,600. కీబోర్డూ మౌసూ 1,200. యూపీఎస్ 2,800. కూడితే సరిగ్గా 65,000! నేను రెండుమార్లు కూడాను. ముప్ఫై ఏళ్ళు లెక్కలు రాసిన చేయి ఇది. తప్పు దొరకలేదు.

“అన్నీ కలిపి 260 వాట్లు కూడా తినవన్నావు కదా. 550 ఎందుకురా?” అన్నాను. అనేసిన తరువాత నాలుక కరుచుకొన్నాను.

వాడు నా ముఖం చూడకుండానే జవాబు చెప్పాడు. “సగం బరువుమీద నడిస్తే అది చల్లగా, ఎక్కువకాలం పనిచేస్తుంది నాన్నా. బ్రాంజ్ ముద్ర ఉంటే సగం బరువుమీద కనీసం నూటికి 85 పాళ్ళు కరెంటు పనికి వస్తుందని అర్థం. ముద్ర ఒక్కటే చాలదు. లోపల రక్షణలు ఉన్నాయా, అయిదేళ్ళ గ్యారంటీ ఉన్నదా అన్నది కూడా చూడాలి.” అంతే. పాత సంగతి ఎత్తలేదు.

మరునాడు పొద్దున్నే, ధరలూ మాటతీరూ నచ్చిన దుకాణంలో జాబితా ఇచ్చాము. దుకాణదారు ఆసాంతం చదివి, అబ్బాయిని ఎగాదిగా చూచి, “తమ్మీ, నీకొక మాట చెప్త. గిదే పైసలల్ల ఆర్‌టీఎక్స్ 4060 ఇస్త” అన్నాడు.

అబ్బాయి కళ్ళు మెరిశాయి. వాడు అయిదారు నెలలుగా కలవరిస్తున్న కార్డు అది. ధర 28,200. మా కార్డుకంటె 7,800 ఎక్కువ. దుకాణదారు లెక్క తేటగా ఉన్నది. పవర్ సప్లై లోపల బిగించే వచ్చే రంగుదీపాల పెట్టె 2,500కే ఉన్నది. మా పవర్ సప్లై, పెట్టె కలిసి 7,500. అక్కడ 5,000 మిగులు. యూపీఎస్ తీసేస్తే 2,800. మొత్తం 7,800! “అసలు 4060 కరెంటు కూడా తక్కువ తింటది సార్. 115 వాట్లే. గా 6600 అయితే 132.” ఆయన చెప్పిందీ అబద్ధం కాదు.

రంగుదీపాల పెట్టె బల్లమీదకు వచ్చింది. వెలిగించారు. దీపావళి కాకరపువ్వొత్తిలాగ ఎరుపు, నీలం, ఆకుపచ్చ చకచక మారుతున్నాయి. అబ్బాయి దానివంక చూస్తున్నాడు. నేను అబ్బాయివంక చూస్తున్నాను. ‘వద్దురా’ అని నా నోటిచివరదాకా వచ్చింది. కాని వద్దనే హక్కు నాకెక్కడిది? ఆ తప్పు చేసినవాణ్ణే నేను. డబ్బు వాడి చేతికి ఇచ్చాను; నిర్ణయం కూడా వాడిదే కావాలి. పక్కనున్న స్టూలుమీద కూర్చుని చాయ్ తాగుతున్నట్లు నటించాను. కప్పులో చాయ్ ఎప్పుడో అయిపోయింది.

వాడు పెట్టెను వెనక్కి తిప్పాడు. పవర్ సప్లైని చేత్తో తడిమి, దానిమీది చీటీ చదివాడు. మళ్ళీ ముందుకు తిప్పాడు.

“వద్దన్నా. జాబితా ప్రకారమే ఇవ్వండి” అన్నాడు. కొంచెం ఆగి, “కార్డు రెండేళ్ళకైనా మార్చుకోవచ్చు” అన్నాడు. ఏది మార్చుకోలేమో వాడు చెప్పలేదు. నేను అడగలేదు.

దుకాణదారు నొచ్చుకోలేదు. “హుషారున్నడు సార్ మీవాడు” అని నవ్వి, యూపీఎస్‌లో వంద రూపాయలు తగ్గించాడు.

ప్రతి వస్తువు సీరియల్ నంబరూ బిల్లుమీద రాయించుకొని, కట్టడం మొదలుపెట్టించాము. ప్రాసెసరును దాని గూటిలో ఒత్తకుండా, దిగవేసినట్లు పెట్టాడు కుర్రవాడు. దానిమీద చందనం చుక్కంత పేస్టు, ఆపైన ఫాను. గంటన్నరలో పని పూర్తయింది. మీట నొక్కారు. ఫాన్లు తిరిగాయి. తెర మాత్రం నల్లగా ఉన్నది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. నా నెత్తిన 64,900 రూపాయల బరువు.

అబ్బాయి వంగి వెనక చూచి, మానిటరు తీగను బోర్డునుంచి పీకి కార్డుకు తగిలించాడు. తెర వెలిగింది! ఈ ప్రాసెసరుకు స్వయంగా బొమ్మ చూపే శక్తి లేదట. పనిచేసే కుర్రవాడు నాలుక కరుచుకొన్నాడు. విండోస్ ఊరికే వేసి ఇస్తామన్నారు. లైసెన్సు లేనిది వద్దని, ఇంటికి వెళ్ళి ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటానన్నాడు మావాడు. కొన్ని ఆటలు దానిమీద ఆడవట, చాలావరకు ఆడతాయట.

ఆ వంద రూపాయలతో ఇద్దరం ఉస్మానియా బిస్కట్లు, చాయ్ తీసుకొన్నాము.

మూడోనాడు ఖమ్మం చేరాక, ఇక ఆటలే ఆటలనుకొని నా గదిలో పేపరు పట్టుకు కూర్చున్నాను. చాలాసేపటిదాకా ఏ చప్పుడూ లేదు. వెళ్ళి చూచాను. తెరమీద మా నాన్నగారు! తార్నాక ఇంటి వరండాలో, మా చెల్లెలు కలిపి ఇచ్చిన ఆవకాయ అన్నం ముద్ద చేతబట్టుకొని నవ్వుతున్నారు. అత్తయ్య పాత ఫోనులో తాతయ్య ఫోటోలు 41 ఉన్నాయని వాడు ఆ రాత్రి కనిపెట్టి అడిగి తెచ్చుకొన్నాడట. కొత్త కంప్యూటరులో ముందు ఎక్కించినవి అవే. ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళ అమ్మ బీరువాలో పెట్టాడు.

నేను కళ్ళజోడు తుడుచుకొంటుంటే, “నాన్నా, నువ్వూ ఒక ఆట ఆడు. లారీ నడిపేది ఉన్నది” అన్నాడు. యూరపులో రోడ్లమీద సరుకు చేరవేసే ఆట అది. కూర్చున్నాను. మొదటి మలుపులోనే లారీని కాలవలో దింపాను.

వంటింట్లోంచి మా ఆవిడ, “చదువు ఎంతవరకు వచ్చింది?” అని కేక వేసింది.

“సాగుతోంది” అన్నాము ఇద్దరమూ.