గిటారు తడి, బేస్ పొడి

మా మేనల్లుడు కొన్నాళ్లుగా బేస్ గిటారు నేర్చుకుంటున్నాడు. "మా మాస్టారి కుడిచెయ్యి ఒక్కసారి చూడు మామయ్యా, ఇంకేం అక్కర్లేదు" అంటూ కాలిఫోర్నియాలోని కోస్టా మేసాలో ఆయన గరాజ్‌కి నన్ను తీసుకెళ్లాడు. కార్లు పెట్టాల్సిన చోట పాత తివాచీలు పరిచి, గోడలకు దుప్పట్లు దిగ్గొట్టి రిహార్సల్ గది చేసుకున్నారు. డెబ్బై దాటిన మాస్టారు, ఆయన ఈడు గిటారిస్టు, డ్రమ్స్ దగ్గర పాతికేళ్ల కుర్రాడు. ముగ్గురూ కలిసి వాయించేది సర్ఫ్ సంగీతం.

ఈ తీరంలో పెరిగిన సంగీతమే అది. 1960ల మొదట్లో, ఇదే ఆరెంజ్ కౌంటీలో, పగలంతా అలల మీద పలక వేసుకుని తేలిన కుర్రకారు రాత్రిళ్లు గంతులేయడానికి కావలసి వచ్చిన సంగీతం. చాలామటుకు మాటలుండవు, గిటారే పాడుతుంది. బాల్బోవాలో రాండెవూ బాల్‌రూమ్ అనే డ్యాన్సు హాల్లో 1961లో గిటారిస్టు డిక్ డేల్ వాయిస్తుంటే వేలమంది వచ్చేవారు. ఆ హాలు 1966లో కాలిపోయింది. డిక్ డేల్ 2019లో పోయాడు. ఆయన ఎడమచేతి వాటం గురించి, ఫులర్టన్‌లో లియో ఫెండర్ ఆయన జోరుకి తట్టుకునేలా తయారుచేసిన యాంప్లిఫయర్ల గురించి చదువుకోవాలంటే బోలెడు ఉంది. ఆయన వెనకా, ఆ తరం మిగతా గిటారిస్టుల వెనకా బేస్ పట్టుకుని నిలబడ్డవాళ్ల గురించి వెతికితే మాత్రం రెండు మూడు వాక్యాలు దొరకడం గగనం.

మాస్టారు స్టూలు మీద కూర్చుని బేస్ ఒళ్లోకి తీసుకున్నారు. అరచేతి అంచుని తీగల చివర, బ్రిడ్జి పక్కన ఆనించారు. వేళ్ల మధ్య పిక్ కొస మాత్రమే కనబడుతోంది. మణికట్టు అంగుళం కూడా కదలడం లేదు. ప్రతి మీటూ పైనుంచి కిందికే, ప్రతి మీటుకీ ఒకే బరువు. స్వరం పుడుతుంది, గుండెలో తగులుతుంది, ఆగిపోతుంది. నన్ను కట్టిపడేసింది ఆ ఆగడమే. తీగ దానంతట అది అలిసి ఆగడం లేదు. ఆయన చెయ్యి ఆపుతోంది, ప్రతిసారీ సరిగ్గా అక్కడే.

స్క్రూడ్రైవర్ తీసి బ్రిడ్జి మీదున్న మెరిసే రేకు కవర్ విప్పి చూపించారు. లోపల ఒక స్పాంజి ముక్క తీగలకు ఆనుకుని ఉంది. ఆ రోజుల్లో ఫెండర్ వాళ్లే దాన్ని పెట్టి ఇచ్చేవాళ్లు. తరవాత వచ్చినవాళ్లు మోత తగ్గిపోతోందని పీకి పారేశారు. తీగలు కూడా గరుకు చుట్టువి కావు, చదునుగా రేకు చుట్టినవి. వేలు జరిపితే కీచుమనవు.

ఇంత శ్రద్ధగా మోతని ఎందుకు తగ్గించుకోవాలో గిటారిస్టు తన పెట్టె ఆన్ చేయగానే తెలిసింది. ఫెండర్ 1961లో విడిగా అమ్మిన రివర్బ్ పెట్టె నమూనా అది. లోపల స్ప్రింగులుంటాయి. గిటారు ధ్వని వాటిలోంచి వణుక్కుంటూ బయటికొస్తుంది. తీగని అరచేత్తో నొక్కి టక్కున మీటితే నీటి బొట్టు గుంటలో పడ్డట్టు చిందుతుంది. దీన్ని వీళ్లు తడి ధ్వని అంటారు. ఒక మీటు తడి ఆరకముందే ఇంకో మీటు పడుతుంది. బేస్ కూడా అలాగే మోగితే రెండూ కలిసి బురదైపోతుంది. మాస్టారు మాటలతో చెప్పి ఊరుకోలేదు. బేస్ కేబుల్‌ని అదే పెట్టెకి తగిలించి అదే ట్యూన్ మళ్లీ వాయించారు. ఎక్కడ దెబ్బ పడుతోందో, ఎక్కడ స్వరం మారుతోందో ఏమీ అంతుపట్టలేదు. డ్రమ్స్ కుర్రాడు నవ్వుతూ కర్రలు కింద పెట్టేశాడు.

తరవాత మేనల్లుడి వంతు. గిటారిస్టు ఒకే స్వరాన్ని కిందికీ పైకీ జోరుగా మీటుతూ పరుగు తీస్తుంటే వీడూ అంతే జోరుగా అందుకున్నాడు. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "నువ్వు అతనితో పందెం వేస్తున్నావు. అతనికి నేల కావాలి" అన్నారు. ఆయన చెప్పిన కారణం నాకు చాలా నచ్చింది. బేస్ అడుగు తీగ సెకనుకి దాదాపు 41 సార్లు కంపిస్తుంది, గిటారు అడుగు తీగ 82 సార్లు. సెకనుకి పన్నెండు మీటులు వేస్తే బేస్‌లో ఒక్కో మీటుకి మూడు నాలుగు కంపనాలే దక్కుతాయి. స్వరం నోరు విప్పేలోపే దాని పీక నొక్కినట్టు. అందుకే గిటారు నాలుగు మీటే చోట బేస్ రెండు మీటుతుంది, లేదా ఒకటే మీటి ఊరుకుంటుంది. డ్రమ్స్‌లో రెండో దెబ్బ దగ్గర స్నేర్ జంటగా మోగుతుంది. ఆ జంటకి చోటిచ్చి, ముందూ వెనకా షడ్జమం, పంచమం పెట్టుకుంటూ పోతే చాలు, నడక వచ్చేస్తుంది. గిటారిస్టు తీగ పొడవునా సర్రున జారినప్పుడు బేస్ జారకూడదు. అతను వామీ బార్ అనే కడ్డీ నొక్కి కార్డ్ మొత్తాన్ని శ్రుతి నుంచి కిందికి వంచినప్పుడు బేస్ కదలకుండా నిలబడాలి. కదలని స్వరం ఒకటి చెవికి ఆనితేనే వంగింది వంగినట్టు తెలుస్తుంది.

ఇక మిసిర్లూ. తూర్పు మధ్యధరా దేశాల పాట అది. డిక్ డేల్ తండ్రి వైపు లెబనాన్ వాళ్లు, చిన్నప్పుడు ఇంట్లో ఊద్ వాద్యం వినేవాడు. 1962లో ఆ పాటని గిటారు మీదకి తెచ్చాడు. ఆ ట్యూన్ నడిచే స్వరాలు అచ్చంగా మనం సరళీ వరసలు మొదలుపెట్టే మాయామాళవగౌళవే. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం, అన్నీ. నేను ఆగలేక సరిగమలు అందుకున్నాను. మాస్టారికి రాగం పేరు తెలియదు, అవసరమూ పడలేదు. నా షడ్జమం ఎక్కడుందో విని అడుగు తీగకి దించుకున్నారు. నేను రిషభం మీద నిలిచినా ఆయన ఆధార షడ్జమం వదల్లేదు. ఆ రెండింటి మధ్య అరస్వరం ఒరిపిడి ఒళ్లు జలదరించేలా వినబడింది. బేస్ కూడా నాతో పాటు రిషభానికి వచ్చేసి ఉంటే ఆ ఒరిపిడి ఉండేదే కాదు. ఈ రాగానికి ఉన్న కాటు ఆధార షడ్జమం వల్లే బయటపడుతుందని కర్ణాటక సంగీతం తెలియని ఒక మనిషి నాకు చేసి చూపించారు.

బేస్‌ని ముందుకు తెచ్చిన సర్ఫ్ రికార్డు లేదా అంటే ఉంది. శాంటా ఆనా హైస్కూలు పిల్లలు, షాంటేస్ బృందం, 1962లో రికార్డు చేసిన పైప్‌లైన్. ఆ మిక్స్‌లో బేస్, రిథమ్ గిటారు, ఎలక్ట్రిక్ పియానో ముందుంటాయి. లీడ్ గిటారూ డ్రమ్సూ వెనక ఉంటాయి. మామూలు పద్ధతికి పూర్తిగా తలకిందులు. 1963లో బిల్‌బోర్డ్ జాబితాలో 4వ స్థానానికి వెళ్లింది. అందులో బేస్ వాయించింది వారెన్ వాటర్స్. ఇక్కడ పుట్టి పెరిగి ఆ ట్యూన్ ఈలవేయగలిగినవాళ్లని అడిగి చూశాను, ఆ పేరు ఒక్కరికీ తెలియదు. బీచ్ బాయ్స్ బ్రయాన్ విల్సన్‌ని పాటలు కట్టినవాడిగా లోకమంతా ఎరుగును. మొదట్లో వేదిక మీద ఆయన చేతిలో ఉన్నది బేస్ అని ఎంతమందికి గుర్తుంది?

మాస్టారు ఫిర్యాదు చేసే మనిషి కాదు. కానీ డ్రమ్స్ కుర్రాడితో గొణుక్కుంటుంటే నా చెవిన పడింది. ఎవరో హోటల్ వాళ్లు ముగ్గురికి బదులు ఇద్దరికే డబ్బిస్తామన్నారట, బేస్ లాప్‌టాప్‌లో వేసుకోమన్నారట. నాకు ఒళ్లు మండిపోయింది. లాప్‌టాప్ గిటారిస్టు మాట వినదు. ఇవాళ అతను ఒక జారుడుని అర క్షణం సాగదీస్తే మాస్టారు తన తరవాతి స్వరాన్ని ఆ అర క్షణం ఆపి పట్టుకుంటారు. నేను చూస్తుండగానే అలా ఎన్నోసార్లు జరిగింది. మా తెలుగువాళ్ల కచేరీల్లోనూ ఇదే వరస. తంబూరా పట్టుకుని గాయకుడి వెనక కూర్చునే మనిషి పోయి ఆ చోట్లోకి సెల్‌ఫోన్ వచ్చింది. శ్రుతి తప్పదు, నిజమే. కానీ గాయకుడి ఊపిరి వినే మనిషి ఒకరు వేదిక మీద తగ్గిపోయారు. తగ్గినట్టు ఆహ్వానపత్రంలో తెలియను కూడా తెలియదు, ఎందుకంటే ఆ పేరు మనం ఎన్నడూ అచ్చువేయలేదు.

మేనల్లుడు నేర్చుకోవలసింది ఇంకా చాలా ఉంది. వేళ్లు బాగానే తిరుగుతున్నాయి, ఆపడం ఇంకా రాలేదు. మాస్టారు వాడికి ఈ నెల ఒక్కటే పని ఇచ్చారు. ఒక స్వరం, ఒకే బరువు, ఒకే చోట ఆపు. అది చేతికొచ్చేదాకా రెండో స్వరం చెప్పనన్నారు. వాడు ముఖం మాడ్చుకున్నాడు కానీ నేను మా అక్కకి ఫోన్ చేసి చెప్పాను, ఏమైనా సరే ఈ గురువుని మాత్రం మార్చవద్దని.

ఫోన్ స్పీకరులో 41 కంపనాల స్వరం పలకదు. పైప్‌లైన్ వినాలనుకుంటే మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి. మొదటిసారి గిటారుని వదిలేసి వారెన్ వాటర్స్ ఎక్కడ మీటుతున్నాడో, ఎక్కడ ఆపుతున్నాడో వినండి. గిటారు ఎలాగూ వినబడుతుంది.