మైలుకి ఎన్ని సెంట్లు?

అమెరికాలో ట్రక్కు నడిపేవాళ్ళకి మొదటి ఏడాది మన ఫ్రెషర్ల బాండు లాంటిదే. కొత్తగా సీడీఎల్ (అక్కడి హెవీ లైసెన్సు) తీసుకున్నవాడంటే ఇన్స్యూరెన్సు వాళ్ళు జంకుతారు. కాబట్టి చాలా మంచి కంపెనీలు వాణ్ణి గేటు దగ్గరే ఆపేస్తాయి. తీసుకునేవి ఎక్కువగా ట్రైనింగిచ్చే పెద్ద కంపెనీలు. లైసెన్సు ఖర్చు అవే పెట్టుకుంటాయి, బదులుగా ఏడాది పాటు కదలనని సంతకం పెట్టించుకుంటాయి. మధ్యలో వెళ్ళిపోతే డబ్బు కట్టాలి. ఎక్కడో విన్నట్టుంది కదూ? :-)

మా పాత కొలీగ్ ఒకడు లేఆఫ్‌లో ఉద్యోగం పోయాక, గ్రీన్‌కార్డు ఉంది కదా అని 2024లో ఈ దారి పట్టాడు. 2025లో ఏడాది నిండింది. ఇక కాస్త మంచి కంపెనీకి మారదామని మూడు ఆఫర్లు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "62 సెంట్లు ఇస్తానంటున్నారు గురూ, ఇప్పుడొచ్చేది 54. ఇంకా ఆలోచించేదేముంది?" అన్నాడు.

ఉంది. మైలుకి సెంట్లు అనేది మన సీటీసీ లాంటి అంకె. చేతికొచ్చేది వేరు. వారానికి 1,900 మైళ్ళు దొరికితే 62 సెంట్ల చొప్పున 1,178 డాలర్లు. అదే 2,500 మైళ్ళు దొరికితే 54 సెంట్లకే 1,350. కాబట్టి మొదట అడగాల్సింది రేటు కాదు, ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న డ్రైవర్లకి వారానికి ఎన్ని మైళ్ళు వస్తున్నాయని. అదీ రిక్రూటర్ని కాదు, డ్రైవర్లనే అడగాలి. ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని కంపెనీలు ఓడోమీటరు చూసి డబ్బివ్వవు, ఊరికీ ఊరికీ మధ్య పాత పట్టికలో ఉన్న దూరానికి ఇస్తాయి. అది నిజంగా నడిపిన దూరం కంటే సాధారణంగా తక్కువే ఉంటుంది.

రెండోది, ఆగిన టైముకి ఏమిస్తారు? రూలు ప్రకారం పది గంటలు రెస్టు తీసుకున్నాక డ్యూటీ ఎక్కితే 14 గంటల గడియారం మొదలవుతుంది. అందులో నడపగలిగేది 11 గంటలే. గోడౌన్ దగ్గర సరుకెక్కించేదాకా నాలుగు గంటలు పడిగాపులు పడ్డా మామూలుగా ఆ గడియారం ఆగదు. 2017 డిసెంబరు నుంచి ఈ లెక్కంతా బండిలోని ఎలక్ట్రానిక్ పరికరమే రాస్తోంది కాబట్టి సర్దుబాట్లు కుదరవు. పోనీ ఓవర్‌టైమ్ వస్తుందా అంటే, రాష్ట్రాలు దాటి సరుకు మోసే డ్రైవర్లకి 1938 నాటి ఫెడరల్ చట్టంలోనే మినహాయింపు పెట్టేశారు. మావాడు ఒక గోడౌన్ దగ్గర ఆరు గంటలు నిలబడితే మొదటి కంపెనీ వాడికి పైసా ఇవ్వలేదు. మనకి బెంచ్ మీద కూర్చున్నా జీతం వస్తుంది, పాపం అక్కడ బెంచే సొంత ఖర్చు.

వాడి రెండో ఆఫరు చూస్తే నాకు గుండె ఝల్లుమంది. లీజ్-పర్చేజ్ అట. కంపెనీయే ట్రక్కు ఇస్తుంది, వారం వారం వాయిదా కోసుకుంటుంది, చివరికి బండి నీదే, "నువ్వే ఓనర్" అంటారు. కానీ లోడ్లిచ్చేదీ వాళ్ళే, వాయిదా కోసేదీ వాళ్ళే. లోడు లేని వారం కూడా వాయిదా ఆగదు. రిపేరు మన నెత్తిన. మధ్యలో మానేస్తే అప్పటిదాకా కట్టింది చాలావరకు గోవిందా. కేంద్ర ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్సు ఒకటి ఇవన్నీ పరిశీలించి, 2025 జనవరిలో ఇచ్చిన నివేదికలో ఇలాంటి ఒప్పందాల్ని నిషేధించమని సిఫారసు చేసింది. వాడి సేవింగ్స్ అప్పటికే సగం కరిగాయి, కూతురు ఎనిమిదో క్లాసు. ఆ కాగితం మీద సంతకం పెట్టొద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

మూడోది, బళ్ళ పరిస్థితి. ఇది కంప్యూటర్ ముందు కూర్చుని చూసేదే, మన పని. రవాణా శాఖ వారి సేఫర్ సైటులో కంపెనీ డాట్ నంబరు కొడితే, తనిఖీల్లో ఎంత శాతం బళ్ళని పక్కన పెట్టేశారో, దేశం సగటు ఎంతో పక్కపక్కనే కనిపిస్తాయి. సగటు కంటే బాగా ఎక్కువుంటే మెయింటెనెన్సు అంతంతమాత్రమన్నమాట. ఇది డ్రైవరుకెందుకంటే, తనిఖీలో దొరికిన లోపం డ్రైవరు రికార్డుకి కూడా ఎక్కుతుంది. కొత్త కంపెనీలు తెప్పించుకునే పీఎస్పీ రిపోర్టులో మూడేళ్ళ తనిఖీలు, ఐదేళ్ళ యాక్సిడెంట్లు ఉంటాయి. వాడి బ్రేకులు బాగోకపోతే మన రెజ్యూమె పాడవుతుంది.

నాలుగోది, కంపెనీ ఆర్థిక పరిస్థితి. 2019 డిసెంబరులో సెలడాన్ దివాలా తీసినప్పుడు ఇంధనం కార్డులు పనిచేయక డ్రైవర్లు ఇంటికి వందల మైళ్ళ దూరంలో చిక్కుకుపోయారు. దాదాపు వందేళ్ళ చరిత్ర, యూనియనూ ఉన్న యెల్లో కూడా 2023లో మూతపడింది, సుమారు 30 వేల ఉద్యోగాలు పోయాయి. పెద్ద పేరు చూసి నిశ్చింతగా ఉండటానికి లేదు.

ఐదోది, ఇంటికెప్పుడొస్తాడు? నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న ఇదే. వాడి మొదటి కంపెనీలో మూడు వారాలు రోడ్డు మీద, మూడు రోజులు ఇంట్లో. "అమ్మాయి ఫోన్లో హాయ్ డాడీ అని మళ్ళీ తన పనిలో పడిపోతోంది గురూ" అన్నాడొకసారి. అదే 62 సెంట్ల కంపెనీలో కూడా "రెండు మూడు వారాలు" అని నోటిమాటగా చెప్పారు. కాగితం మీద రాసివ్వమంటే రిక్రూటర్ మాట మార్చాడు.

మిగిలింది మూడో ఆఫరు. ఎల్టీఎల్, అంటే చాలామంది చిన్న చిన్న సరుకుల్ని కలిపి మోసే కంపెనీ. రాత్రంతా ఒక టెర్మినల్ నుంచి ఇంకో టెర్మినల్‌కి రెండు ట్రైలర్లు తగిలించి లాగాలి, పొద్దున్నే ఇంటికి. మైలు రేటు బావుంది, కట్టడం విప్పడం పనికి గంటల లెక్కన వేరే ఇస్తారు. అయితే సీనియారిటీ మీద నడుస్తుంది కాబట్టి కొత్తవాడికి స్థిరమైన రూటుండదు, ఫోనొచ్చినప్పుడు పరిగెత్తాలి. డబుల్స్, హజ్‌మత్ పరీక్షలు పాసవ్వాలి, హజ్‌మత్‌కి వేలిముద్రలిచ్చి బ్యాక్‌గ్రౌండ్ చెక్ కూడా చేయించుకోవాలి. వర్షంలో, మంచులో ట్రైలర్లు తగిలించడం నలభై దాటిన నడుముకి తమాషా కాదు.

వాడు అదే తీసుకున్నాడు. పగలు కిటికీలకి నల్ల కర్టెన్లేసుకుని పడుకుంటున్నాడు. నిద్ర ఇంకా సరిగ్గా కుదరలేదంటున్నాడు, ఆ సంగతి నాకూ బెంగగానే ఉంది. కానీ చాలా రోజులు సాయంత్రం అమ్మాయి హోంవర్కు దగ్గర ఓ గంట కూర్చుని, అన్నం తిని, అప్పుడు డ్యూటీకి వెళ్తున్నాడు.

మీకు తెలిసినవాళ్ళెవరైనా ఈ ఏడాది బాండు పూర్తిచేసి దిక్కులు చూస్తుంటే, ఈ ఐదూ అడిగి చూడమనండి. జవాబులు కాగితం మీద ఇవ్వని కంపెనీకి దణ్ణం పెట్టి వచ్చేయమనండి.