తాబేటి ఓర్పు

అనంతపురం జిల్లాలోని మా ఉరవకొండకు ఆ పేరు ఒక పాము వల్ల వచ్చిందని పెద్దలు చెబుతారు. ఊరిని ఆనుకొని ఉన్న కొండ దూరం నుండి చూసేవారికి పడగ విప్పిన సర్పంలా కనిపిస్తుంది. ఉరగం అంటే పాము. ఉరగకొండ అన్న మాటే జనుల నోట నలిగి ఉరవకొండ అయిందట. పాము పేరు పెట్టుకున్న ఊరు కనుక ఇక్కడివారికి పాకే ప్రాణుల పట్ల భయమూ ఉంది, భక్తీ ఉంది. నాగుల చవితి నాడు పుట్టలో పాలు పోస్తాం. దశావతారాలలో రెండవదైన కూర్మానికి చేతులు జోడిస్తాం. అయితే భయభక్తులు రెండూ ఉన్నంత మాత్రాన ఆ ప్రాణులను గురించిన జ్ఞానం ఉన్నట్లు కాదు. పాలు పాముకు ఆహారం కానే కాదు. అయినా ఏటేటా పోస్తూనే ఉన్నాం. మనం ప్రేమతో ఇచ్చేది, ఆ ప్రాణికి కావలసినది ఒకటేనా అని ఆలోచించే అలవాటు మనకు తక్కువ.

సరీసృపాల విషయంలో ఈ లోటు వల్ల కలిగే అనర్థం సామాన్యమైనది కాదు. కుక్కకు ఆకలైతే అరుస్తుంది. ఆవుకు దాహమైతే అంబా అంటుంది. చిలుక దిగులుపడితే ఈకలు పీక్కుంటుంది. తాబేలు మాత్రం ఏమీ చేయదు. కదలకుండా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తాబేలు కూడా చాలాసేపు కదలకుండానే ఉంటుంది కనుక చూసేవారికి తేడా తెలియదు.

మా ప్రాంతంలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అదీ నమ్మకం లేని వాన. వేరుశనగ చేలు, రాళ్ళగుట్టలు, తుమ్మ, రేగు పొదలు నిండిన చిట్టడవులు ఇక్కడి నేల స్వరూపం. ఇటువంటి మెట్ట పొదలే నక్షత్ర తాబేలుకు పుట్టిల్లు. నల్లని డిప్ప మీద ఒక్కొక్క బుడిపె నడినెత్తి నుండి పసుపు పచ్చని గీతలు కిరణాల వలె నలువైపులా విచ్చుకొని ఉంటాయి. ఎండిన గడ్డి పరకల మధ్య కూర్చున్నప్పుడు ఆ గీతలు వెలుగునీడలలో కలిసిపోయి దాన్ని శత్రువుల కంటబడకుండా కాపాడతాయి. గడ్డి, ఆకులు, రాలిన పండ్లు, పూలు దాని ఆహారం. మండుటెండలో పొదల నీడన ఒదిగి ఉండి, తొలకరి జల్లు పడగానే బయటికి వస్తుంది.

గొర్రెలు కాచే ఒక పెద్దాయనను ఈ తాబేళ్ళను గురించి ఒకసారి అడిగాను. "మా చిన్నప్పుడు వాన పడితే చాలు నాయనా, దారెంబడి తాంబేళ్ళు కనపడేవి. ఇప్పుడు నేను చూసి ఎన్నేండ్లయిందో" అన్నాడు. ఒక మనిషి జ్ఞాపకాన్ని శాస్త్రంగా తీసుకోకూడదు. కానీ ఆ తాబేళ్ళు ఎటు పోతున్నాయో లోకానికి తెలియనిది కాదు. భారతదేశంలోని ఒకే ఒక వ్యాపార కేంద్రం నుండి ఒక్క సంవత్సర కాలంలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళను అడవి నుండి పట్టుకుపోయినట్లు 2015లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. వాటి అందమే వాటికి శత్రువైంది. గోనె సంచులలో, పెట్టెలలో కుక్కి, మేతా నీరూ లేకుండా వాటిని దూర నగరాలకు, విదేశాలకు దొంగతనంగా పంపుతారు.

చట్టం చూస్తూ ఊరుకోలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును పట్టడాన్ని, అమ్మడాన్ని నిషేధించింది. 2019లో జెనీవాలో జరిగిన సమావేశంలో ప్రపంచ దేశాలు దీనిని అంతర్జాతీయ వాణిజ్యం పూర్తిగా నిషిద్ధమైన ప్రాణుల పట్టికలో చేర్చాయి. 2022 నాటి సవరణతో మన చట్టంలోనూ ఇది అత్యున్నత రక్షణ గల మొదటి షెడ్యూలుకు చేరింది. అందుచేత నక్షత్ర తాబేలును ఏ దుకాణమూ అమ్మరాదు, ఏ ఇల్లూ పెంచరాదు. ఈ తాబేలు విషయంలో పోషణను మెరుగుపరచడం అంటే అర్థం ఒక్కటే. దానిని దాని పొదలోనే ఉండనివ్వాలి.

మరి దుకాణాలలో గాజు తొట్లలో కనిపించే తాబేళ్ళు ఏవి? అవి చాలావరకు అమెరికాలోని మిసిసిపీ నదీ ప్రాంతానికి చెందిన ఎర్రచెవి తాబేళ్ళు. కంటి వెనుక ఎర్రని చార ఉండటం వల్ల వాటికి ఆ పేరు వచ్చింది. మన దేశపు జాతి కానందున దేశీయ ప్రాణులకు ఉన్న నిషేధం వీటికి చాలాకాలం వర్తించలేదు. ఆ సందులో నుండే అవి మన నగరాల ఇళ్ళలోకి ప్రవేశించాయి.

అనేక ఊళ్ళలో శాఖలున్న ఒక పెంపుడు జంతువుల దుకాణానికి ఒకసారి బంధువుల పిల్లవాడితో కలిసి వెళ్ళాను. పెద్ద నగరం, చల్లని గాలి యంత్రాలు, అద్దాల గోడలు. ఒక మూల చిన్న గాజు తొట్టిలో రంగురాళ్ళ మధ్య రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్దవైన పచ్చని తాబేటి పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. తొట్టిలో ఎక్కి కూర్చోవడానికి పొడి చోటు లేదు. వెచ్చని దీపం లేదు.

"ఇది ఎంత పెరుగుతుంది బాబూ?" అని అక్కడి కుర్రవాణ్ణి అడిగాను.

"ఇంతే ఉంటుంది సార్, పెద్దగా పెరగదు."

"ఏం పెట్టాలి?"

"ఈ డబ్బాలో మేత ఉంది సార్. రోజుకు నాలుగు గింజలు వేస్తే చాలు. భయపడకండి, తొందరగా చావదు. గట్టిది సార్."

ఆ కుర్రవాడు అబద్ధమాడాలని ఆడలేదు. తనకు ఎవరో చెప్పినదే మాకు చెప్పాడు. అతడు చెప్పిన చివరి మాటలో నిజం కూడా ఉంది. అయితే ఆ నిజమే తాబేలు పాలిట శాపమైంది. ఎలాగో వివరిస్తాను.

మన శరీరం తన వేడిని తానే పుట్టించుకుంటుంది. అందుకే మనకు పూటపూటకూ ఆహారం కావాలి. సరీసృపాలు అలా కాదు. అవి వేడిని ఎండ నుండి, రాయి నుండి, నేల నుండి తీసుకుంటాయి. ఒంటిలో వేడి తగ్గితే వాటి జీవక్రియలన్నీ నెమ్మదిస్తాయి. తిన్నది అరగదు, రోగాన్ని ఎదిరించే శక్తి సన్నగిల్లుతుంది. కానీ ప్రాణం వెంటనే పోదు. ఆకలితో, చలితో, కాల్షియం లోపంతో ఒక తాబేలు నెలల తరబడి నిలదొక్కుకోగలదు. కొన్నిసార్లు ఏళ్ళ తరబడి కూడా. చావుకు ఇంత దీర్ఘకాలం పట్టడాన్నే మనం "గట్టిది" అంటున్నాం.

ఎర్రచెవి తాబేలు పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. పూర్తిగా ఎదిగితే దాని డిప్ప దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు వరకు చేరగలదు. సరిగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. దానికి ఈదడానికి లోతైన, పరిశుభ్రమైన నీరు కావాలి. నీటి నుండి బయటికి వచ్చి వెచ్చబడడానికి పొడి మెట్టు కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణాలు కావాలి. ఆ కిరణాలు సోకితేనే దాని ఒంటిలో డి విటమిన్ తయారవుతుంది. ఆ విటమిన్ ఉంటేనే తిన్న కాల్షియం ఎముకకు, డిప్పకు పడుతుంది. అది లేకపోతే డిప్ప మెత్తబడి వంకర పోతుంది. మేతలో ఏ విటమిన్ కొరవడితే కనురెప్పలు వాచి కళ్ళు మూసుకుపోతాయి. చల్లని నీటిలోనే ఉంచితే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపడే ఒక విషయం ఉంది. తొట్టిని కిటికీ పక్కన పెట్టాం, ఎండ పడుతూనే ఉంది కదా అంటారు. మామూలు కిటికీ గాజు వెలుతురును లోపలికి రానిస్తుంది కానీ, డి విటమిన్‌కు అవసరమైన కిరణాలను చాలావరకు ఆపివేస్తుంది. పైగా మూసిన గాజు తొట్టి నేరుటెండలో కొలిమిలా మారుతుంది. కావలసినది అందక, అక్కరలేనిది ఎక్కువై ప్రాణి నలిగిపోతుంది. ఇందుకోసం ప్రత్యేక దీపాలు ఉన్నాయి. అవి కూడా కొంతకాలానికి, కంటికి వెలుగుతున్నట్లే కనిపిస్తూనే, ఆ కిరణాలను ఇచ్చే శక్తిని కోల్పోతాయి. వాటిని గడువు ప్రకారం మార్చాలి. ఈ సంగతులు కొనేవారికి చెప్పవలసినది ఎవరు? అమ్మేవారే.

అమ్మేవారికి ఈ బాధ ఎందుకు కనిపించదో కూడా ఆలోచించాలి. పిల్ల తాబేలు దుకాణంలో ఉండేది కొన్ని వారాలు. ఆ లోపము ఫలితం బయటపడేది నెలల తరువాత, ఎవరో ఒకరి ఇంట్లో. చిలుకో చేపో అయితే దుకాణంలోనే చనిపోయి యజమానికి నష్టం తెస్తుంది. తాబేలు తన ఓర్పుతో అమ్మినవాణ్ణి నష్టం నుండి తప్పించి, కొన్న పిల్లవాడి చేతిలో కన్ను మూస్తుంది. దానికి ఏం జరిగిందో ఆ పిల్లవాడికి ఎన్నటికీ తెలియదు.

కరువు సీమలో పుట్టి పెరిగినవాడిగా నన్ను ఈ "గట్టిది" అన్న మాట కలవరపెడుతుంది. మా ప్రాంతపు రైతును కూడా లోకం ఇలాగే పొగుడుతుంది. "అనంతపురం రైతు మొండివాడు, ఎన్ని కరువులైనా తట్టుకుంటాడు" అంటారు. తట్టుకుంటాడన్నది నిజమే. కానీ తట్టుకుంటున్నాడు కనుక ఇంకేమీ అక్కరలేదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? నీళ్ళు లేని చేనులో ఎండిపోక నిలిచిన వేరుశనగ మొక్కను చూసి, దానికి నీరు అనవసరమని ఏ రైతూ అనడు. ఓర్చుకోవడం ప్రాణికి ఉన్న శక్తి. ఆ శక్తిని చూపి దాని అవసరాలను కోత కోయడం మనిషి చేసే అన్యాయం. మనుషుల విషయంలో ఈ సంగతి మాకు అనుభవం నేర్పింది. మూగజీవుల విషయంలో దానిని మేమే మరచిపోరాదు.

దిద్దుబాటు అసాధ్యమేమీ కాదు. ఇతర దేశాలు కొన్ని మార్గాలు చూపాయి. డిప్ప నాలుగు అంగుళాల కంటే చిన్నదిగా ఉన్న తాబేళ్ళను పెంపకానికి అమ్మరాదని అమెరికా 1975లో నిషేధించింది. వాటి నుండి సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి చిన్నపిల్లలకు సోకడం అందుకు కారణం. ఎర్రచెవి తాబేళ్ళ దిగుమతిని ఐరోపా సమాజం 1997లో ఆపివేసింది. మన దేశంలో 2018 నాటి నిబంధనల ప్రకారం పెంపుడు జంతువుల దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావాలి. అంతర్జాతీయ ఒప్పందం పరిధిలోకి వచ్చే విదేశీ ప్రాణులను పెంచేవారు ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేసుకోవాలని 2024లో నియమాలు వచ్చాయి.

చట్టం చేయలేని పనిని గొలుసు దుకాణాలు చేయగలవు. ఒక్కడే నడుపుకునే చిన్న అంగడిని మార్చాలంటే ఒక్కొక్కరినీ ఒప్పించాలి. వందల శాఖలున్న సంస్థలో ప్రధాన కార్యాలయం ఒక్క నిర్ణయం తీసుకుంటే అన్ని తొట్లూ ఒకే రోజున మారతాయి. ప్రతి తొట్టిలో వెచ్చని వైపు, చల్లని వైపు వేర్వేరుగా ఉండాలి. దాగడానికి చోటు ఉండాలి. ఉష్ణమాపకం ఉండాలి. అమ్మే కుర్రవాడికి ముందుగా శిక్షణ ఇవ్వాలి. ప్రాణి ఎంత పెరుగుతుందో, ఎన్నేళ్ళు బతుకుతుందో, నెలకు ఎంత ఖర్చవుతుందో తెలుగులో రాసి కొనేవారి చేతికి ఇవ్వాలి. పెంచలేనివారు తిరిగి తెచ్చి ఇస్తే తీసుకునే ఏర్పాటు ఉండాలి. ఇంత చేయలేని దుకాణం సరీసృపాలను అమ్మకపోవడమే మేలు.

తిరిగి తీసుకునే ఏర్పాటు లేకపోవడం వల్ల మరొక కీడు జరుగుతోంది. తొట్టికి మించి పెరిగిన తాబేలును చంపడానికి మనసొప్పక, పుణ్యమని భావించి చెరువులో, కోనేటిలో వదిలేస్తారు. ఎర్రచెవి తాబేలు ప్రపంచంలోని అతి ప్రమాదకరమైన 100 ఆక్రమణ జాతులలో ఒకటిగా పేరుపడింది. అది దేశీయ తాబేళ్ళ మేతను, అవి ఎండలో వెచ్చబడే చోటును ఆక్రమిస్తుంది. ఇది కూడా పుట్టలో పాలు పోయడం వంటిదే. మనసు మంచిదే, తెలివిడి లేదు. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయ ప్రాంగణంలో నక్షత్ర తాబేళ్ళను పోషిస్తున్నారు. దేవుని రూపంగా కొలిచే అటువంటి చోట కూడా తాబేలుకు కావలసినవి తగిన మేత, నీడ, స్థలం, పశువైద్యుని చూపే. పూజ వాటికి బదులు కాదు.

విద్యార్థులైన మీరు రేపు సంపాదనపరులవుతారు. మీ తమ్ముడో, మీ బిడ్డో ఏదో ఒక దుకాణంలో గాజు తొట్టి ముందు నిలబడి ముద్దుగా ఉన్న ఒక తాబేటి పిల్లను కొనిపెట్టమని మారాం చేయవచ్చు. అప్పుడు ధర అడగడానికి ముందు మూడు ప్రశ్నలు అడగండి. ఇది ఎక్కడి నుండి వచ్చింది? పెరిగి పెద్దదైతే ఎంత చోటు కావాలి? జబ్బు చేస్తే దీనికి వైద్యం తెలిసినవారు మన ఊరిలో ఉన్నారా? జవాబు దొరకకపోతే ఖాళీ చేతులతో వెనుదిరగండి. పిల్లవాడు ఆ పూట ఏడుస్తాడు, మరునాటికి మరచిపోతాడు. తాబేలుకు ఏడుపు రాదు కనుక, దాని పక్షాన అడగవలసినది మనమే.