లైన్ క్లియర్

"ఇంటర్న్‌షిప్ అనుభవాలు ఎవరైనా రాయండి" అని మన క్లబ్ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు, చూసి ఊరుకున్నాను. రెండు రోజుల తర్వాత ఎడిటర్ ఫోన్ చేసి "నువ్వు రాస్తున్నావనుకున్నామే, చూసి కాదనలేదుగా" అంది. నేను మాత్రం, బదులివ్వలేదు కాబట్టి రాయనని వాళ్లకి అర్థమయ్యే ఉంటుంది అనుకున్నాను. భలే నవ్వొచ్చింది. నేను రాయాల్సిన అనుభవం కూడా సరిగ్గా ఇదే.

నాది ఈఈఈ. మా నాన్న లైన్‌మన్ కాబట్టి కూతురు కూడా కరెంటే చదవాలని ఆయన కోరిక. మూడేళ్లు ట్రాన్స్‌ఫార్మర్లూ ఇండక్షన్ మోటార్లూ చదివి, చివరికి అందరిలాగే సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్‌లో తేలాను. జనవరి నుంచి జూన్ దాకా, ఇంటి నుంచే. కంపెనీ చిన్నది. మా లీడ్, ఇంకో నలుగురు బెంగళూరు ఆఫీసులో కూర్చుంటారు. ఒకాయన న్యూజెర్సీలో ఉంటాడు, తెలుగాయనే, నేను 'అన్నా' అంటాను. నేనేమో మార్కాపురం వైపు మా ఊళ్లో, బియ్యం డ్రమ్ము పక్కన వేసుకున్న టేబుల్ దగ్గర. ఉద్యోగం ఇచ్చేదీ లేనిదీ జూన్‌లో చెప్తామన్నారు. నాన్న మాత్రం ఊళ్లో సగం మందికి వచ్చేసిందనే చెప్పేశాడు.

ఇంటి నుంచి పని అంటే మా ఇంట్లో ఎవరికీ అది పనిలా కనిపించలేదు. "ఇంట్లోనే ఉన్నావుగా, పాలు పొంగకుండా చూడు" అనేది అమ్మ. ఒకసారి మేనత్త వచ్చి, నేను కెమెరా ఆన్ చేసి మీటింగ్‌లో ఉండగా వెనక నుంచి వంగి చూసి "ఎవరే ఈ పిల్లాడు?" అనడిగింది. ఆ పిల్లాడు మా లీడ్. ఇక కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. లైన్‌మన్ ఇంట్లో కరెంటు పోయి మీటింగ్ కట్ అయిందంటే బెంగళూరు వాళ్లు నమ్మలేదు.

ఇవన్నీ తట్టుకోవచ్చు. నాకు చేతకానిది మాట్లాడటం.

మొదటి వారం ఒక యాక్సెస్ కావాల్సొచ్చి లీడ్‌కి 'హాయ్ సర్' అని పెట్టి, జవాబు కోసం 40 నిమిషాలు కూర్చున్నాను. ఆయన మీటింగ్ అయ్యాక 'హాయ్' అన్నాడు. 'ఎలా ఉన్నారు సర్' అన్నాను. 'బాగున్నాను' అని ఇంకో మీటింగ్‌లోకి వెళ్లిపోయాడు. నాకు కావాల్సింది మధ్యాహ్నం 3 గంటలకి దొరికింది. మరి మన పద్ధతి అదేగా! ఎవరింటికైనా వెళ్తే గుమ్మంలో నిలబడి "మీ ట్రాక్టరు కావాలి" అనం కదా. మంచినీళ్లు తాగి, వానల గురించి మాట్లాడి, లేచేటప్పుడు అడుగుతాం. "మర్యాదలన్నీ పెట్టు, కానీ విషయం కూడా అదే మెసేజ్‌లో పెట్టెయ్" అన్నాడు లీడ్. సరే అన్నాను. 'సరే' అనడంలో మాత్రం నేను ఎప్పుడూ ఆలస్యం చెయ్యను, అర్థమైనా కాకపోయినా.

ఫిబ్రవరిలో నాకు మొదటి సొంత పని ఇచ్చారు. బిల్లుల పేజీలో తేదీ ఒకరోజు వెనక్కి చూపిస్తోంది, సరిచెయ్యాలి. గురువారం రాత్రి 8:30కి క్లయింట్‌కి చూపించాలి. సోమవారం పొద్దున పేజీ తెరిచాను. తేదీ సరిగ్గానే ఉంది. ఇంకో పది బిల్లులు తెరిచాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. లేని తప్పుని ఎలా దిద్దాలి?

"నాకు బాగానే కనిపిస్తోంది, మీకెలా కనిపిస్తోంది?" అని అడిగితే అయిపోయేది. అడగలేదు. 'ఈఈఈ అమ్మాయి కదా, ఆమాత్రం తెలీదు' అనుకుంటారని భయం. క్లాసులో "ఎనీ డౌట్స్?" అని సార్ అడిగితే 60 మందిమీ తల వంచుకుని నోట్సు చూసుకునే అలవాటు మనది. నోటితో అడిగిందైతే గాలికి పోతుంది. గ్రూపులో అడిగిన తెలివితక్కువ ప్రశ్న అక్కడే ఉండిపోతుంది, ఆర్నెల్ల తర్వాత ఎవరైనా వెతికి మరీ చదవొచ్చు. ఇలాంటివన్నీ తలలో తిరిగాయి. పని చెయ్యట్లేదనుకుంటారేమోనని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క ఆరిపోకుండా మౌస్ కదుపుతూ కూర్చున్నాను. అన్నం సాయంత్రం 4కి తిన్నాను. ఆ చుక్కని ఎవరూ చూడరని తర్వాత తెలిసింది.

మా టీములో రోజూ పొద్దున 10 లోపు గ్రూపులో మూడు లైన్లు రాయాలి. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, ఎక్కడైనా ఆగిపోయామా. సోమ, మంగళ, బుధ మూడు రోజులూ నేను 'వర్కింగ్ ఆన్ ఇట్' అని రాశాను. మూడో లైన్లో 'ఏమీ లేదు' అని రాశాను.

గురువారం మధ్యాహ్నం 12కి లీడ్ "ఒకసారి చూపించు" అన్నాడు. చూపించడానికేముంది? గొంతు పెగల్లేదు. ఆయన ఏమీ అనకుండా న్యూజెర్సీ అన్నకి ఫోన్ చేశాడు. అక్కడ రాత్రి ఒంటిగంటన్నర. అన్న నిద్ర కళ్లతోనే కాల్‌లోకి వచ్చాడు.

"నాకు 11వ తేదీ కనిపిస్తోంది. నీకేం కనిపిస్తోందమ్మా?"

"12 అన్నా."

"మరి ఆ మాట సోమవారమే అనొచ్చుగా తల్లీ."

సంగతి ఇదీ. సర్వర్ బిల్లు తేదీని యూటీసీ లెక్కన అర్ధరాత్రి 12గా దాస్తోంది. మనం యూటీసీకి 5:30 గంటలు ముందుంటాం, కాబట్టి నా లాప్‌టాప్‌లో అది అదే రోజు తెల్లవారుజాము 5:30. న్యూజెర్సీ చలికాలంలో 5 గంటలు వెనక. అన్నకి అది ముందురోజు రాత్రి 7. ఒకే బిల్లు, ఒకే పేజీ, ఇద్దరికి రెండు తేదీలు. నా లాప్‌టాప్ టైమ్ జోన్ మార్చి చూస్తే 10 సెకన్లలో తప్పు కనిపించింది. నేను మూడు రోజులు వెతికింది, నేను కూర్చున్న చోటి నుంచి కనిపించని దాని కోసం! ఇంకో నాలుగు పేజీల్లోనూ అదే తప్పు ఉంటే అన్న తెల్లారేదాకా కూర్చుని సరిచేశాడు. రాత్రికి క్లయింట్‌కి చూపించారు. బయటవాళ్లకి ఏమీ తెలీలేదు.

లీడ్ తిట్టలేదు. తిడితే బాగుండేది. "మూడు రోజులు అదే మాట రాశావు. నేను నమ్మాను" అన్నాడు, అంతే.

ఆ రాత్రి అన్నం సహించలేదు. నాన్న డ్యూటీ నుంచి 10 గంటలకి వచ్చి, కాళ్లు కడుక్కుని, పక్కన కూర్చున్నాడు. టైమ్ జోన్ గొడవ ఆయనకేం అర్థమవుతుంది? అంతా విని ఒకటే అడిగాడు. "నువ్వు స్తంభం మీదున్నావని కిందోళ్లకి తెలుసా?"

నాకు అర్థం కాలేదు. ఆయన ఎల్‌సీ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగేళ్లు ఈఈఈ చదివిన దాన్ని, లైన్ క్లియర్ అనే మాట ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటున్నదాన్ని, ఎప్పుడూ కూర్చుని అడగలేదు. లైన్ మీద పని ఉంటే లైన్‌మన్ ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ అడుగుతాడు. ఆపరేటర్ ఆ ఫీడర్ ఆపి, ఎవరు తీసుకున్నారో, ఏ టైముకో పుస్తకంలో రాసుకుని, ఫీడర్ పేరు మళ్లీ పలికి ఇస్తాడు. ఇవతల ఈయన కరెంటు లేదని చూసుకుని, ఎర్త్ వేసుకుని ఎక్కుతాడు. దిగాక ఎర్త్ తీసి, మనుషులందరూ కిందికొచ్చారని చూసి, ఎల్‌సీ తిరిగిస్తాడు. అప్పుడే సప్లై. ఇద్దరూ ఒకరికొకరు కనపడరు. మధ్యలో కిలోమీటర్ల దూరం, ఒక ఫోను, ఒక పుస్తకం.

ఒకసారి వాన రాత్రి ఒకే ఫీడర్ మీద నాన్న ఒకచోట, ఇంకో లైన్‌మన్ ఇంకోచోట ఎల్‌సీ తీసుకున్నారట. ఆయన పని అయిపోయి "ఇచ్చెయ్ సప్లై" అన్నాడు. ఆపరేటర్ పుస్తకం చూశాడు. రెండో పేరు ఎదురుగా గడి ఖాళీగా ఉంది. నాన్నకి ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. ఊళ్లోవాళ్లు ఫోన్లు చేసి బూతులు తిడుతున్నా గంటన్నర సేపు ఆపరేటర్ ఫీడర్ ముట్టుకోలేదట. నాన్న తడిసి ముద్దై, సిగ్నల్ దొరికే చోటికి వచ్చి, తిరిగిచ్చాకే వేశాడు. "ఆయన నా గొంతు వినపడలేదంటే ఇంకా పైనే ఉన్నాననుకున్నాడు. అందుకే ఇవాళ నీ పక్కన కూర్చున్నా" అన్నాడు నాన్న, అరచేతిలో పప్పన్నం కలుపుతూ, మామూలుగా.

అమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దుకుంది. ఆమెకీ అప్పుడే తెలిసినట్టుంది.

రాత్రంతా అదే ఆలోచన. వాళ్ల పనిలో చప్పుడు లేదంటే 'ఇంకా పైన మనిషున్నాడు' అని లెక్క. మా టీములో చప్పుడు లేదంటే 'అంతా బాగుంది' అని లెక్క. నా లెక్కలో, పట్టించుకునేవాళ్లయితే వాళ్లే అడుగుతారు. ఏ లెక్క నడుస్తోందో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

మర్నాడు మూడో లైను మొదటిసారి నిజంగా రాశాను. ఎక్కడ ఆగానో, ఏం చేసి చూశానో, నా స్క్రీన్ మీద ఏం కనిపిస్తోందో, 12 లోపు తేలకపోతే ఎవరిని అడుగుతానో. పంపే ముందు చేతులు వణికాయి. ఎవరూ నవ్వలేదు. అన్న రెండు లైన్ల జవాబు పెట్టాడు, పని అయిపోయింది. ఇంత సులువా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

అయితే తప్పంతా నాదేనని రాస్తే అబద్ధమవుతుంది. మార్చిలో ఒక పేజీ మీద రెండు రోజులు పనిచేశాక, దాన్ని తీసేద్దామని బెంగళూరు వాళ్లు మంగళవారం భోజనాల దగ్గరే అనుకున్నారని తెలిసింది. నలుగురూ అక్కడే ఉన్నారు కాబట్టి రాయాలని ఎవరికీ తోచలేదు. దూరంగా ఉన్నవాళ్లు అన్నీ రాయాలంటారు, దగ్గరున్నవాళ్లు టీ తాగుతూ తేల్చేస్తారు! పుస్తకం ఆపరేటర్ దగ్గర కూడా ఉండాలి కదా. ఇదే మాట లీడ్‌కి రాసి నాలుగుసార్లు చెరిపేశాను. ఐదోసారి పంపాను. జూన్ కళ్ల ముందు కనిపించింది. సగం రోజు జవాబు లేదు. సాయంత్రం గ్రూపులో 'ఈరోజు ఆఫీసులో అనుకున్నవి' అని ఐదు లైన్లు వచ్చాయి. అప్పటి నుంచి వస్తున్నాయి. అప్పుడప్పుడు మర్చిపోతారు, నేను గుర్తుచేస్తాను.

నేనూ పూర్తిగా బాగుపడలేదు. మార్చి రెండో ఆదివారం అమెరికా గడియారాలు గంట ముందుకి జరుగుతాయని తెలీక, ఫోన్ అలారం నమ్ముకుని, 7:30కి మారిన మీటింగ్‌కి 8:30కి వెళ్లాను. ఖాళీ గది. ఈసారి మాత్రం కరెంటు పోయిందని చెప్పలేదు.

జూన్ ఇంకా రాలేదు. ఏమవుతుందో తెలీదు. ఈ వ్యాసం రెండు రోజులు ఆలస్యమవుతుందని ఎడిటర్‌కి ముందే మెసేజ్ పెట్టాను, కావాలంటే అడగండి. ఇప్పుడు రాత్రి 9 దాటింది. నాన్న టార్చి చార్జింగ్ పెట్టుకుంటూ, నా టేబుల్ పక్కన ఆగి, రోజూ అడిగేదే అడుగుతున్నాడు.

"ఎల్‌సీ తిరిగిచ్చావా?"

"ఇంకా లేదు నాన్నా. పైనే ఉన్నా."