కతర్‌గామ్ వీధుల్లో పరాయి నంబరు

సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నది చెంతనున్న కతర్‌గామ్ ఒకప్పుడు కూరగాయలు పండించే పల్లె. అక్కడి చిక్కుడుకాయ ఎంతటి పేరు గడించిందంటే, చలికాలంలో సూరతీయులు వండుకునే ఊంధియూ కూరకు కతర్‌గామ్ పాపడీయే కావాలని కోరేవారు నేటికీ ఉన్నారు. అయితే ఆ తోటల స్థానంలో ఇప్పుడు అంతస్తుల మేడలు, వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు వెలిశాయి. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అత్యధిక భాగం సూరత్ కార్మికుల చేతుల మీదుగానే వెళుతుంది.

ఆ కార్మికులలో అధికులు సౌరాష్ట్ర ప్రాంతం నుండి తరలివచ్చినవారు. కార్ఖానాల ముందు బారులు తీరిన మోటారు సైకిళ్ళ నంబరు పలకలు చదివితే చాలు, యజమానుల పుట్టినూళ్ళు తెలిసిపోతాయి. జి.జె. 05 సూరత్‌ది, జి.జె. 04 భావనగర్‌ది, జి.జె. 14 అమ్రేలీది. వాటి నడుమ అప్పుడప్పుడు మహారాష్ట్ర పలక, ఎప్పుడైనా ఒక తెలంగాణ పలక కూడా కనిపిస్తుంది. తెలంగాణ జిల్లాల నేతపనివారు మరమగ్గాలను నమ్ముకొని సూరత్ చేరి దశాబ్దాలు గడిచాయి. లింబాయత్ వంటి పేటలలో తెలుగు మాట వినవస్తుంది. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలను సైతం నెలకొల్పింది.

ఇక్కడొక విచిత్రం గమనించదగినది. అమ్రేలీ నుండి సూరత్‌కు రోడ్డు మార్గాన నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణం. అయినా ఆ బండి యజమాని తన కొత్త చిరునామాను ముప్పై రోజులలో నమోదు చేయించుకుంటే చాలు, నంబరు మారదు. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న నవాపూర్ సూరత్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరమే. అక్కడి రైల్వే స్టేషను సగం మహారాష్ట్రలోను, సగం గుజరాత్‌లోను ఉన్నది. ఒకే బల్లపై కూర్చున్న ఇద్దరు రెండు రాష్ట్రాలలో ఉండవచ్చు. అయితే ఆ గీతకు అవతల నమోదైన బండి సూరత్‌లో స్థిరపడితే, దానికి మరో జన్మ ఎత్తక తప్పదు. చట్టం లెక్కించేది దూరాన్ని కాదు, సరిహద్దును.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో నమోదైన వాహనాన్ని మరొక రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలి. దీనికి తొలిమెట్టు పాత కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం. కరీంనగర్‌లో నమోదైన బండికి ఆ పత్రం కరీంనగర్ నుండే రావాలి. 28వ నంబరు ఫారంపై చాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర వేయాలి. పన్ను బకాయి ఉండకూడదు. బండిపై దొంగతనం కేసు లేదని పోలీసులు తెలపాలి. అప్పుపై కొన్నదైతే అప్పిచ్చినవారి సమ్మతి కావాలి. దరఖాస్తుపై ముప్పై రోజులలో ఏ జవాబూ రాకపోతే పత్రం ఇచ్చినట్లే భావించాలని 48వ సెక్షన్ చెబుతున్నది. సామాన్యునికి అనుకూలమైన ఈ నిబంధన సంగతి ఎరిగినవారు తక్కువ.

ఆ తరువాత 27వ నంబరు ఫారంతో సూరత్ రవాణా కార్యాలయానికి వెళ్ళాలి. అది తాపీ నదికి ఆవలి ఒడ్డున, పాల్ ప్రాంతంలో ఉన్నది. అక్కడ ఎదురయ్యే అసలు భారం పన్ను. స్వరాష్ట్రంలో జీవితకాలానికని ఒకేసారి చెల్లించిన పన్ను ఆ రాష్ట్రపు ఎల్లల వరకే చెల్లుతుంది. వాహనాల పన్ను మన రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనిది. రిజిస్ట్రేషన్ చట్టం కేంద్రానిది. ఈ రెండింటి నడుమ నలిగేది వలస వచ్చిన మనిషి. కొత్త రాష్ట్రానికి ముందు చెల్లించి, పాత రాష్ట్రం నుండి మిగిలిన భాగాన్ని ఆ తరువాత తిరిగి అడగాలి. ఆ కొద్ది మొత్తానికై కూలి దినాలు పోగొట్టుకొని స్వగ్రామం వెళ్ళి రావడం ఎందరికి సాధ్యం?

ఈ చిక్కును తీర్చేందుకు 2021లో కేంద్రం భారత్ శ్రేణిని ప్రవేశపెట్టింది. బి.హెచ్. అక్షరాలు గల ఈ నంబరు రాష్ట్రం మారినా మారదు. పన్ను రెండేళ్ళకొకసారి చెల్లించవచ్చు. అయితే అర్హత ప్రభుత్వోద్యోగులకు, సైనికులకు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలు గల సంస్థల ఉద్యోగులకు మాత్రమే. ఒకే చిన్న కార్ఖానాలో సాన ముందు కూర్చునే కార్మికునికి గాని, మరమగ్గం నడిపే నేతగానికి గాని ఆ తలుపు తెరుచుకోలేదు. బదిలీపై ఊరు మారేవానికి వెసులుబాటు దొరికింది. బతుకుతెరువుకై ఊరు మారేవానికి దొరకలేదు.

కనుక దూరదేశం బయలుదేరేవారు మూటాముల్లె సర్దేటప్పుడే బండి కాగితాలు కూడా సర్దుకోవడం మేలు. ఊరు విడవక మునుపే నిరభ్యంతర పత్రం, పాత పన్ను రసీదు చేతిలో ఉంచుకుంటే సగం శ్రమ తగ్గుతుంది. మిగిలిన సగం తగ్గించవలసినది ప్రభుత్వాలు. దేశంలో ఎక్కడికైనా వెళ్ళి నివసించే హక్కును రాజ్యాంగం పౌరునికి ఇచ్చింది. అతణ్ణి పనికి చేరవేసే ఆ రెండు చక్రాలకు మాత్రం ఆ స్వేచ్ఛ ఇంకా పూర్తిగా అందలేదు.