కాళ్ల కష్టానికో ముడుపు

బిలాస్‌పూర్ నుంచి రెండు దారులు. ఒకటి మొక్కుది, మరొకటి జబ్బుది. ఆ రెంటినీ కలిపే చక్రం ఎక్కడుంది?

నవరాత్రుల్లో సప్తమి రాత్రి బిలాస్‌పూర్ నిద్రపోదు. చీకటి పడగానే జనం గుంపులుగా రతన్‌పూర్ దారి పడతారు. ఒకప్పటి కలచురి రాజధానిలో కొలువైన మహామాయ గుడికి ఇక్కడి నుంచి 25 కి.మీ. నడిచేవారి కోసం దారి పొడవునా టీ, ఫలహారాల పందిళ్లు వెలుస్తాయి. కాళ్లు బొబ్బలెక్కినా తెల్లారేసరికి మొక్కు తీరుతుంది.

ఇక్కడి రైల్వే కాలనీల్లో స్థిరపడిన తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. అలిపిరి మెట్లెక్కడం, పసుపు గుడ్డలో ముడుపు కట్టడం వారు పుట్టింటి నుంచి తెచ్చుకున్న అలవాట్లే. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే తన నాగ్‌పూర్-ఆసన్సోల్ మార్గాన్ని 1891లో పూర్తి చేసింది. ఆ రైల్వేలో పని వెతుక్కుంటూ ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు ఈ దారి వెంబడి ఊరూరా ఉండిపోయాయి. 1996లో జోన్ కోసం వీధికెక్కిన బిలాస్‌పూర్ 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైంది. కోర్బా బొగ్గు మోసే గూడ్సు బళ్లతో ఈ ఊరి పట్టాలకు తీరికుండదు.

ఇక రెండో దారి గనియారీది. దూరం సుమారు 20 కి.మీ. ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు డాక్టర్లు ఢిల్లీ వదిలి వచ్చి, 1990ల చివర్లో అక్కడ జన్ స్వాస్థ్య సహయోగ్ పేరిట వైద్యం మొదలుపెట్టారు. అచానక్‌మార్ అడవి పల్లెల నుంచి క్షయ, మలేరియా, ఆకలి మోసుకొచ్చే వారికి అదే ఆసరా. తల్లులు కూలికి వెళితే ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు పసివాళ్లను చూసుకుని, తిండి పెట్టే ‘ఫుల్వారీ’లనూ ఈ సంస్థ నడుపుతోంది. ఇలాంటి పనులు దాతలు లేనిదే సాగవు.

దాతలను కదిలించడానికి ప్రపంచం ఎంచుకున్న మార్గాల్లో ఒకటి ఒంటి కష్టం. 1980లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో 36 మంది సైకిలు తొక్కి, కేన్సర్ చికిత్స, పరిశోధనల కోసం 10,200 డాలర్లు పోగుచేశారు. ‘పాన్ మాస్ చాలెంజ్’ అనే ఆ యాత్ర రాబడి 2024 నాటికి మొత్తం వంద కోట్ల డాలర్లు దాటింది. ఈత, సైకిలు, పరుగు కలిసిన ట్రయాథ్లాన్‌కూ ఇదే సూత్రం పాకింది. పాల్గొనేవారు తమ బంధుమిత్రుల ముందు చేయి చాస్తారు. ‘నేనింత కష్టపడతాను, మీరింత ఇవ్వండి’ అన్నదే ఒప్పందం. ఒకరకంగా ఇదీ ముడుపే. కాకపోతే మొక్కింది ముక్కూమొహం తెలియని మనిషి కోసం.

తెలుగునాట దీనికి బలమైన ఉదాహరణ హైదరాబాద్‌కు చెందిన ఆదిత్య మెహతా. రోడ్డు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నా 2013 ఆసియా పారా సైక్లింగ్ పోటీల్లో రెండు రజతాలు గెలిచారు. ఆయన ఫౌండేషన్ వికలాంగ క్రీడాకారుల కోసం ‘ఇన్ఫినిటీ రైడ్’ పేరిట సైకిలు యాత్రలు చేపట్టింది. 2020 చివర్లో ఆ యాత్ర కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా సాగింది. అక్కడ శిక్షణ పొందిన నంద్యాల యువకుడు షేక్ అర్షద్ 2024 పారిస్ పారాలింపిక్స్ సైక్లింగ్‌లో భారత్ తరఫున బరిలో దిగారు. చందా ఎక్కడికి చేరిందో ఇచ్చినవారికి కంటికి కనబడింది.

చిక్కల్లా లెక్కల దగ్గరే. లక్షల ఖరీదు సైకిళ్లు, వెంట వాహనాలు, అంబులెన్సు, టీషర్టులు, బ్యానర్లు... వీటికి పోగా మిగిలిందే దానమైతే యాత్ర ఎవరి కోసమన్న ప్రశ్న తప్పదు. అందుకే పాన్ మాస్ నిర్వాహకులు ఖర్చులకు వేరే దారి చూసుకుని, సైకిలిస్టులు తెచ్చిన ప్రతి డాలరునూ ఆస్పత్రికే పంపుతున్నారు. నమ్మకానికి పునాది అదే.

బిలాస్‌పూర్‌కు ఖరీదైన సైకిళ్లు అక్కర్లేదు. నడిచే కాళ్లున్నాయి, పెట్టే చేతులున్నాయి. సప్తమి రాత్రి పందిట్లో టీ అందుకునేది నడిచేవాడే. ఆ చేతి చలవ నడిచేవాడి మీదుగా ఫుల్వారీలోని పసివాడి దాకా వెళ్లగలిగితే చాలు, రెండు దారులూ కలిసినట్టే. అమ్మవారికి మాత్రం అంతకన్నా ముడుపేం కావాలి?