463 మెట్లు

వేసవి సెలవులలో నేనును నా భార్యయు రోము, ఫ్లారెన్సు, వెనిసు నగరములను జూచి వచ్చితిమి. పయనమునకు నేను గ్రంథములు చదివి సిద్ధపడితిని. ఆమె పచ్చళ్లు కట్టి సిద్ధపడెను.

ఫ్లారెన్సులోని ప్రధాన క్రైస్తవాలయపు గుమ్మటమును, నేలనుండి కొయ్యసారువ నిలుపకయే, బ్రునెల్లెస్కీ 1420లో నారంభించి 1436లో ముగించెను. పైకి 463 మెట్లు, లిఫ్టు లేదు.

"నీవు క్రిందనుండుము, అలసిపోదువు" అంటిని.

"మన మేడమెట్లు దినమున కెన్నిమారు లెక్కుచున్నానో మీరెన్నడైన లెక్కించితిరా?" అని ఆమె ముందు నడచెను.

సగముదారిలో నేను గోడకానుకొని నిలిచితిని. ఆమె వెనుదిరిగి చేయి యందించెను. పైనుండి ఎఱ్ఱని పెంకుటిండ్లను జూచుచు చాలసేపు మాటాడలేదు.

ఇరువదియేండ్లుగా స్త్రీస్వాతంత్ర్యమునుగూర్చి ఉపన్యసించిన నేను, ఆమె యలసటను గూడ నేనే నిర్ణయించుచుంటినని అచ్చట తెలిసికొంటిని. దిగునపుడును ఆమెయే ముందు నడచెను.